పౌలు మాట ఎవరికి, యాకోబు మాట ఎవరికి?



రక్షణ విశ్వాసం వల్లనా, క్రియల వల్లనా? ఈ ప్రశ్న బైబిలు కాలేజీల్లోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. పోయిన సంక్రాంతి ముందు ఒకే వారంలో అది రెండుసార్లు మా ముందుకు వచ్చింది. ఒకసారి మంచం మీది నుంచి, ఒకసారి వడ్ల కల్లం దగ్గర నుంచి. ఆ రెండుచోట్లా మేము సిగ్గుపడ్డాం. అందుకే ఇది రాస్తున్నాం. పేర్లు, ఊరి పేరు చెప్పడం లేదు. ఎవరా అని వెతకవద్దని మనవి.

మొదటిది. మునగాల దగ్గరి ఒక పల్లెలో మన సంఘపు తల్లి ఒకరు మంచాన పడ్డారు. పుట్టిన కాడి నుంచి కూలి పనే. నాట్లు, కలుపు, మిరపకాయలు ఏరడం, పత్తి తీయడం. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ కూలితోనే పెంచారు. ప్రార్థన చేయడానికి అమ్మగారు, మేము వెళ్లాం. పాట పాడి, వాక్యం చదివి లేవబోతుంటే ఆమె మా చెయ్యి పట్టుకున్నారు.

"అయ్యగారూ, నాకు చదువు రాదు. దశమభాగం ఎన్నడూ సరిగ్గా ఇయ్యలే. ఉపవాస కూడికకు రమ్మంటే కూలి పోతదని రాలే. దేవుడు నన్ను రానిస్తడా?"

మేము వెంటనే ధైర్యం చెప్పాం. కానీ ఆ భయం ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇంటికి వచ్చేదాకా మమ్మల్ని వదల్లేదు. దశమభాగం ఇవ్వనివారు దేవుని దగ్గర దొంగిలించినట్టే అని మలాకీ 3వ అధ్యాయం తీసి గట్టిగా ప్రసంగించింది ఎవరో కాదు, మేమే. ఆ రోజు ఆమె ముందు వరుసలో, చాప మీద కూర్చుని విన్నారు.

రెండోది. మన సంఘంలోనే ఒక సహోదరుడు. సాగర్ ఎడమ కాలువ కింద మంచి పొలం ఉంది. మందిరం ప్రహరీ గోడకు పెద్ద మొత్తం ఇచ్చారు. క్రిస్మస్‌కు ఆయన పేరు చెక్కిన నల్లరాయి గోడకు పెట్టి, ప్రార్థన చేసి, చప్పట్లు కొట్టించాం. పండుగ అయిన తర్వాతి ఆదివారం ఆరాధన ముగిశాక ఒక చెల్లి మా దగ్గరకు వచ్చింది. గుత్తకు నాట్లు వేసే ముఠాలో ఆమె ఒకరు. వానాకాలం నాట్ల కూలి ఆ సహోదరుడు ఇంకా ఇవ్వలేదట. కోతలు అయ్యాయి, వడ్లు అమ్మారు, అయినా రేపు, ఎల్లుండి అంటున్నారట.

"ఆ బండ మీద పేరు మా కూలితోటే ఎక్కింది అయ్యా," అంది.

అప్పుడు మేము ఏం చేశామో దాచము. ఓర్చుకోమన్నాం. ప్రార్థన చేద్దామన్నాం. తర్వాతి ఆదివారం క్షమాపణ గురించి ప్రసంగించాం. మంచాన ఉన్న తల్లి మాట విన్న తర్వాతే మాకు నిద్ర పట్టలేదు. ఇద్దరు సంఘ పెద్దలను తీసుకుని ఆ సహోదరుని కల్లం దగ్గరకు వెళ్లాం. మర్యాదగానే మాట్లాడారు, కుర్చీలు వేయించారు, టీ తెప్పించారు. కూలి సంగతి ఎత్తగానే ఇలా అన్నారు:

"అయ్యగారూ, క్రియల వల్ల కాదు, విశ్వాసం వల్లనే రక్షణ అని మొన్ననేగా మీరు చెప్పింది? ఇప్పుడు కూలి లెక్కలు అడుగుతున్నారేంటి?"

ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే అలా నమ్మారు. అలా నమ్మేటట్టు చెప్పింది మేమే.

ప్రియులారా, ఒకే పల్పిట్ మీది నుంచి మేము ఇద్దరికీ వాక్యమే చెప్పాం. కానీ పేద తల్లికి క్రియల పట్టీ చేతిలో పెట్టాం. ఉన్నవారికి కృప చెప్పి నిద్రపుచ్చాం. ఈ రోజు మా అభిప్రాయం ఇదే: మన పల్లె సంఘాల్లో యాకోబు మాటను పేదలకు, పౌలు మాటను కలిగినవారికి పంచుతున్నాం. అది తిరగబడాలి.

ముందు వాక్యం చూద్దాం. పౌలుకూ యాకోబుకూ పడదని కొందరు అంటారు. ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలిచారు. పౌలు రోమా 4వ అధ్యాయంలో ఆదికాండము 15ను తెరిచాడు. అక్కడ అబ్రాహాముకు ఇంకా కొడుకు లేడు, సున్నతి లేదు, చూపించుకోవడానికి చేతిలో ఏమీ లేదు. నక్షత్రాలు చూపించి దేవుడు మాట ఇస్తే నమ్మాడు. ఆ నమ్మకాన్నే దేవుడు నీతిగా లెక్కపెట్టాడు. యాకోబు 2వ అధ్యాయంలో తెరిచింది ఆదికాండము 22ను. అక్కడ ఇస్సాకు కట్టెలు మోసేంత పెద్దవాడయ్యాడు. ఈ రెండు అధ్యాయాల మధ్య ఇరవై ఏళ్లకు పైగా గడిచింది. దేవుడు నీతిమంతుడని ఎప్పుడు ఎంచాడో పౌలు చెప్తున్నాడు. ఆ విశ్వాసం బతికే ఉందని ఎప్పుడు బయటపడిందో యాకోబు చెప్తున్నాడు. వేరు గురించి ఒకరు, పండు గురించి ఒకరు. చెట్టు ఒక్కటే.

వారి ముందున్న జనం కూడా వేరు. సున్నతి పొందకపోతే, ధర్మశాస్త్రం పాటించకపోతే దేవుని ఇంట్లో చోటు లేదని అన్యజనులను భయపెట్టేవారికి పౌలు జవాబు ఇస్తున్నాడు. యాకోబు ముందున్నవారు వేరే. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవానికి మంచి పీట వేసి, మాసిన బట్టలవానిని కింద కూర్చోమన్న సంఘం అది. ఆకలితో ఉన్నవానిని చూసి సమాధానంగా వెళ్లమని దీవించి పంపేసినవారు వారు. అదే పత్రిక 5వ అధ్యాయం 4వ వచనం చూడండి. చేను కోసినవారికి ఇవ్వకుండా ఆపిన కూలి మొర పెడుతోందని, ఆ కేక దేవుని చెవిన పడిందని యాకోబు అంటాడు. ద్వితీయోపదేశకాండము 24లో కూలివాని కూలి పొద్దుగూకక ముందే ఇవ్వాలని ఉంది. ఎందుకంటే వాడు దాని మీదనే ఆశ పెట్టుకుని ఉన్నాడు. నాట్ల కూలి కోతలు దాటినా ఇవ్వని చోట యాకోబు పత్రికను వేరే ఎవరి కోసమో రాసినట్టు చదవగలమా?

పౌలు క్రియలను తోసివేయలేదు. ఎఫెసీ 2వ అధ్యాయంలో 8, 9 వచనాలు మనందరికీ కంఠతా వచ్చు. రక్షణ దేవుని వరమని, మన కష్టార్జితం కాదని అవి చెప్తాయి. 10వ వచనం దగ్గర మాత్రం చాలామందిమి ఆగిపోతాం. దేవుడు ముందే సిద్ధపరచిన మంచి పనుల్లో నడవడానికే మనల్ని క్రీస్తులో సృష్టించాడని అక్కడ ఉంది. మంచి పనులు రక్షణకు కట్టే వెల కావు. రక్షణ పొందినవాడు నడిచే బాట అవి. గలతీ 5:6 ఇంకా సూటిగా చెప్తుంది: విలువైన విశ్వాసం ప్రేమ ద్వారా పనిచేసే విశ్వాసమే.

ఈ విషయం మీద సంఘ చరిత్రలో పెద్ద చీలికే వచ్చింది. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ లేచి, పాపక్షమాపణను డబ్బుకు అమ్మే పద్ధతిని ఎదిరించాడు. ఆ ఎదిరింపు సరైనదే. అయితే ఆ వేడిలో 1522లో ఆయన యాకోబు పత్రికను గడ్డిపోచ లాంటిదని తక్కువ చేశాడు. ఆ గొడవ ఐదు వందల ఏళ్ల దాకా సాగింది. చివరికి 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్ పట్టణంలో లూథరన్ ప్రపంచ సమాఖ్య, రోమన్ కథోలిక సంఘం కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మనలో ఏ యోగ్యతా లేకపోయినా కృప వల్లనే, క్రీస్తునందలి విశ్వాసం ద్వారానే దేవుడు మనల్ని అంగీకరిస్తాడు, ఆ కృపే మనల్ని మంచి పనులకు పంపుతుంది అన్నది దాని సారాంశం. తర్వాత 2006లో మెథడిస్టులు కూడా దానికి సమ్మతించారు. తేడాలన్నీ తీరిపోలేదు గానీ, ఈ మాట మీద ఒకరినొకరు శపించుకునే అవసరం ఇక లేదు. మన ఇళ్లలో ఒక వదినగారు ఆర్.సి.ఎం., ఒక బావగారు సి.ఎస్.ఐ., మనం బాప్టిస్టు. పెళ్లి పందిట్లో ఈ వాదన పెట్టుకునేవారికి ఇది తెలిస్తే మంచిది.

అంత దూరం పోనక్కర్లేదు. మన తెలుగు నేల మీదనే ఈ ప్రశ్నకు జవాబు దొరికిన చోటు ఒకటుంది.

1876 నుంచి 1878 వరకు దక్షిణ దేశంలో ఘోరమైన కరువు. అప్పటికి పదేళ్లుగా ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ సేవ చేస్తున్నారు. జనం ఆకలితో చనిపోతుంటే ఆయన ఊరికే బియ్యం పంచి సరిపెట్టలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పని కంట్రాక్టుకు తీసుకున్నారు. వేలాదిమంది మట్టి తవ్వారు, తట్టలు మోశారు, కూలి తీసుకుని ప్రాణాలు నిలుపుకున్నారు. మన బోధకులే అక్కడ మేస్త్రీలు. పని ఆగినప్పుడు జనం పక్కన కూర్చుని యేసు సంగతి చెప్పేవారు.

బాప్తిస్మం ఇమ్మని జనం అడగడం మొదలుపెట్టారు. క్లౌ దొర ఇవ్వలేదు. కరువు సాయం నడిచినన్నాళ్లూ, ఏడాదికి పైగా ఆపేశారు. కూడు కోసం ఎవరూ మతం మారకూడదని, కూడు పెట్టి ఎవరినీ మార్చకూడదని ఆయన పట్టుదల. 1878లో సాయం పంచడం నిలిచిపోయింది. ఇక ఇవ్వడానికి ఏమీ లేదని ఆయన చెప్పేశారు. అయినా జనం గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి వచ్చారు. మాకు సాయం అక్కర్లేదు, పని చేసుకుని బతుకుతాం, మా చేతుల బొబ్బలే అందుకు సాక్ష్యం, మళ్లీ కరువొచ్చి చావాల్సి వస్తే క్రీస్తువారిగా చస్తాం అని చెప్పారు. అప్పుడు ఆయన కాదనలేకపోయారు. జులై 3న ఒక్కరోజే 2,222 మంది, ఆ మూడు రోజుల్లో కలిపి 3,536 మంది బాప్తిస్మం పొందారు. వారిలో చాలామంది ఊరి బయట బతికిన మాదిగ బిడ్డలు.

ఇక్కడ వరుస చూడండి. ఆకలి తీర్చడానికి విశ్వాసం షరతు కాలేదు. విశ్వాసానికి బియ్యం వెల కాలేదు. కాలువ పనిలో కూలి కూలిగానే ముట్టింది, కృప కృపగానే అందింది. రెండింటినీ కలిపి బేరం చేయలేదు. పౌలూ యాకోబూ ఇద్దరూ అక్కడ నిలబడి ఉంటే ఇద్దరూ ఆమెన్ అని ఉండేవారు. ఆ రోజు నదిలో దిగినవారు దేవునికి చూపించుకోవడానికి పుణ్యం ఏమీ తేలేదు. తెచ్చింది బొబ్బల చేతులే.

మంచాన ఉన్న మన తల్లి చేతులూ అలాంటివే. మేము ఆమెను దశమభాగం లెక్క అడిగాం.

కానుకల సంగతి కూడా చెప్పాలి. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్, పేద సంఘాలకు ఇవ్వడం నేర్పారు. వండే ముందు బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుని కోసం పక్కన పెట్టడం ఆ సంఘాల్లో ఆడవారి అలవాటయింది. పేదవారికీ ఇచ్చే గౌరవం ఉందని ఆ పిడికెడు బియ్యం చెప్పింది. అంతే గానీ పిడికెడు తక్కువైతే పరలోకం తలుపు మూస్తారని కాదు. మన తల్లి కూడా ఏళ్ల తరబడి కుండలో పిడికెడు వేసేవారని ఆమె కోడలు తర్వాత మాకు చెప్పింది. ఆమె దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. మత్తయి 25లో కుడివైపు నిలబడినవారు కూడా అంతే. ప్రభువా, మేమెప్పుడు నీకు అన్నం పెట్టాం అని ఆశ్చర్యపోతారు. నిజమైన సత్క్రియ తన లెక్క తాను రాసుకోదు. నల్లరాయి మీద అసలే చెక్కుకోదు.

మనకూ అలాంటి రోజు ఒకటి వచ్చింది. 2024 సెప్టెంబరు 1న ఆ భారీ వానలకు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర ఎడమ కాలువకు గండి పడింది. నీళ్లు పొలాల మీద పడ్డాయి. కోదాడలో ఇళ్లు మునిగాయి. ఆ వారం మన యువకులు అన్నం పొట్లాలు కట్టి మోసుకెళ్లినప్పుడు, ఏ గుడికి పోతారు, ఏ మందిరానికి పోతారు అని ఎవరినీ అడగలేదు. ఎవరి పేరూ ఎక్కడా రాసుకోలేదు. ఆ వారం మన సంఘం ఎంత ఆరోగ్యంగా ఉందో, క్రిస్మస్ రోజు చప్పట్ల మధ్య అంత ఆరోగ్యంగా ఉందని మేము అనుకోవడం లేదు.

కొందరు అడుగుతారు: ఇలా చెప్తే అయ్యగారు కృపకు క్రియలు కలుపుతున్నట్టు కాదా? కాదు. సిలువ మీద దొంగను చూడండి. బాప్తిస్మం లేదు, కానుక లేదు, తప్పు దిద్దుకునే సమయం కూడా లేదు. ఒక్క మనవి చేశాడు, పరదైసు దొరికింది. జక్కయ్యను చూడండి. ఆయనకు సమయం ఉంది, ఆస్తి ఉంది. యేసు ఇంటికి వస్తాననగానే సంతోషంతో చేర్చుకుని, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు ఇస్తానన్నాడు. ఆ నాలుగింతలు యేసును ఇంటికి రప్పించడానికి కట్టిన రుసుము కాదు, యేసు వచ్చాక తెరుచుకున్న పెట్టె. అయితే యేసు ఇంట్లో భోజనం చేసి వెళ్లిపోయాక కూడా పెట్టె తెరుచుకోకపోతే, వచ్చింది నిజంగా యేసేనా అని అడగడం తప్పు కాదు. అదే యాకోబు అడుగుతున్నాడు. దేవుడు ఒక్కడే అని దయ్యాలు కూడా నమ్ముతాయి, నమ్మి వణుకుతాయి అన్నాడు. మనం వణకడం కూడా మానేశాం.

మరికొందరు అంటారు: ఇలా మాట్లాడితే పెద్ద కానుకలు ఆగిపోతాయి, మందిరం పని నిలిచిపోతుంది. ఆగనివ్వండి. కూలి ఎగ్గొట్టిన డబ్బుతో కట్టిన గోడ దేవుని మందిరానికి కాపలా కాయదు.

అందుకే సంఘ పెద్దలతో మాట్లాడి మూడు సంగతులు అనుకున్నాం. ఒకటి, ఇక మీద కానుక ఇచ్చినవారి పేర్లు మైకులో చదవం, రాయి మీద చెక్కం. ఆ నల్లరాయి తీసేశాం. రెండు, ప్రభురాత్రి భోజనం ఇచ్చే ఆదివారానికి ముందు ఆదివారం, ఎవరికైనా కూలి గానీ చేబదులు గానీ బాకీ ఉంటే తీర్చి రమ్మని అడుగుతాం. మొదట మేమే తీరుస్తాం, కిరాణా కొట్టులో మా పద్దు కూడా పెద్దదే. మూడు, మంచాన ఉన్నవారి దగ్గరకు, విధవరాళ్ల దగ్గరకు వెళ్లినప్పుడు కానుక మాట, కూడికకు రాలేదన్న మాట ఎత్తం. కృప గురించి మాత్రమే చెప్పి వస్తాం.

ఆ సహోదరుడు కూలి ఇచ్చేశారు. రెండు ఆదివారాలు మందిరానికి రాలేదు. మూడో ఆదివారం వచ్చి వెనుక కూర్చున్నారు. మేము ఏమీ అనలేదు, వందనాలు చెప్పుకున్నాం. ఆయన హృదయంలో ఏముందో దేవునికి తెలుసు. ఆయనను అలా నమ్మించిన బోధకు మేము లెక్క చెప్పాలి.

ఆ తల్లి దగ్గరకు మళ్లీ వెళ్లాం. ఆ రోజు మలాకీ గ్రంథం తియ్యలేదు. లూకా 23 చదివాం. అమ్మా, ఆ దొంగ దగ్గర ఎంత ఉందో చూశావా అని అడిగాం. "ఏం లేదు గదయ్యా," అన్నారు. మరి రానిచ్చాడా లేదా? కాసేపు ఊరుకున్నారు. తర్వాత "రానిచ్చిండు" అన్నారు. ఇంకో నెలకు ఆమె ప్రభువునందు నిద్రించారు. మట్టి చేసేటప్పుడు ఆ చేతులు మళ్లీ చూశాం.

ఇది చదువుతున్న మీరు ఎవరు? ఏమీ చేయలేకపోయానని భయపడుతున్నారా? పౌలు మాట మీది. ధైర్యంగా తీసుకోండి, దాని మీద ఏ బాకీ లేదు. విశ్వాసిని కదా, ఇక నన్ను ఎవరూ ఏమీ అడగకూడదు అనుకుంటున్నారా? యాకోబు పత్రిక ఐదు అధ్యాయాలే. ఈ రాత్రి కూర్చుని చదవండి. ఉదయం లేచి ముందు ఎవరి ఇంటికి వెళ్లాలో ఆత్మ దేవుడే మీకు చూపిస్తాడు.

ప్రభువా, వెల లేకుండా మమ్మల్ని కొన్నావు. ఆ కృపను బేరం చేసినందుకు మా బోధకులను క్షమించు. నీ పేదలను భయపెట్టినందుకు, కలిగినవారిని జోకొట్టినందుకు క్షమించు. మా విశ్వాసం మా పొలాల్లో, మా కల్లాల్లో, మా పద్దు పుస్తకాల్లో కనపడేటట్టు చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమెన్.